ముగ్గు పోసే రోజే కారుకు చోటు చూడండి

ఇల్లు – వాకిలి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కారు గురించే. పూజ గది ఎక్కడ, పొయ్యి ఏ మూల అన్నది ఇంచులతో సహా ముందే తేల్చుకుంటారు. కారుకు మాత్రం మిగిలిన జాగా ఇస్తారు. పిల్లర్లు లేచి, గేటు కూర్చున్నాక కారు తెచ్చి చూస్తే తలుపు తెరుచుకోదు, లేదా కింద గీసుకుంటుంది, లేదా వాన నీళ్ళు లోపలికి వస్తాయి. ఆ మూడూ ముగ్గు పోసే రోజు, అంటే ఇంటి కొలతలు నేల మీద గీసే రోజు, ఒక గంట కూర్చుంటే తప్పేవే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది హనుమకొండలో 150 గజాల ప్లాటు, 30×45, తూర్పు ముఖం, ముందు 20 అడుగుల రోడ్డు. ప్లానులో పోర్టికో 10×15 అని రాశారు. ఇప్పుడు చిన్న కారే ఉంది. ముందు ముందు పెద్దది కొనొచ్చు. ఈ జాగా సరిపోతుందా? గేటు ఎంత పెట్టాలి?

ముందు మీ ఇంజినీరును ఒక మాట అడగండి: ఆ 10 అడుగులు పిల్లర్ల మధ్య నుంచి మధ్యకా, లేక ఖాళీ జాగానా? ప్లానులో చాలాసార్లు మధ్య నుంచి మధ్యకే రాస్తారు. 9 ఇంచుల పిల్లరైతే రెండు వైపులా సగం సగం పోయి 9 అడుగుల 3 ఇంచులు మిగులుతుంది. ప్లాస్టరింగ్ పోతే 9 అడుగుల 2 ఇంచులే.

ఇప్పుడు కారు లెక్క. మారుతి స్విఫ్ట్ పొడవు 3860 మిల్లీమీటర్లు, వెడల్పు 1735. అంటే సుమారు 12 అడుగుల 8 ఇంచులు, 5 అడుగుల 8 ఇంచులు. ఇన్నోవా క్రిస్టా పొడవు 4735, వెడల్పు 1830. అంటే 15 అడుగుల 6 ఇంచులు, 6 అడుగులు. ఈ వెడల్పులో పక్క అద్దాలు కలవవు. మీ 9 అడుగుల 2 ఇంచుల్లో ఇన్నోవా నిలబెడితే రెండు పక్కలా కలిపి 3 అడుగుల 2 ఇంచులు మిగులుతుంది. ఒక పక్క గోడకు అడుగు దూరంలో ఆపితే రెండో పక్క రెండడుగుల చిల్లర. డ్రైవరు పక్కకు ఒదిగి దిగొచ్చు, కానీ ముసలివాళ్ళు, చంకలో పిల్ల ఉన్నవాళ్ళు దిగలేరు. ఖాళీ వెడల్పు 10 అడుగులకు తగ్గనివ్వకండి. పక్కనే స్కూటర్ పెట్టేదుంటే 12 చూసుకోండి.

మీ ప్లానులో అసలు చిక్కు పొడవు దగ్గర ఉంది. 15 అడుగుల్లో ఇన్నోవా పట్టనే పట్టదు, గేటు మూతపడదు. స్విఫ్టుకైనా ఇంట్లోకి ఎక్కే మెట్లు ఎటు వచ్చాయో చూడండి. కారు మూతికి ఎదురుగా మూడు మెట్లు వస్తే, మెట్టుకు 10 ఇంచుల చొప్పున రెండున్నర అడుగులు అవే తినేస్తాయి. 15లో అది పోతే మిగిలేది పన్నెండున్నర, కారు 12 అడుగుల 8 ఇంచులు! మెట్లను పక్కకు తిప్పించండి, పొడవు కనీసం 18 అడుగులు చేయించండి. 19 అయితే కారు వెనక నుంచి మనిషి నడిచి వెళ్ళగలడు. అందుకోసం హాలు మూడడుగులు తగ్గినా ఫరవాలేదనే మా సలహా. తగ్గిన హాలుకు రెండు నెలల్లో అలవాటు పడతారు, మూతపడని గేటుకు ఎన్నేళ్ళయినా అలవాటు పడలేరు.

గేటు విషయం రోడ్డును బట్టి ఉంటుంది. 20 అడుగుల రోడ్డు అంటాం గానీ రెండు వైపులా మోరీలు, కరెంటు స్తంభాలు పోగా బండి తిరిగేది 14 అడుగులే ఉండొచ్చు. రోడ్డు ఎంత ఇరుకైతే గేటు అంత వెడల్పు కావాలి, ఎందుకంటే మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో పోవు, లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి. గేటు స్తంభానికి కారు వెనక తలుపు గీసుకునేది అందుకే. మీ రోడ్డుకు ఖాళీ వెడల్పు 12 అడుగులు పెట్టండి. రివర్సులో పెట్టడం అలవాటు చేసుకుంటే ఇంకా సులువు. తిరిగే చక్రాలు ముందున్నాయి కాబట్టి వెనక భాగాన్ని ముందు గేటులో దూర్చి, తర్వాత మూతిని సరిచేసుకోవచ్చు.

కాంపౌండ్ గోడ కట్టకముందే ఒక పరీక్ష చేయండి. గేటు స్తంభాలు, పోర్టికో పిల్లర్లు వచ్చే చోట్ల ముగ్గుతో గుర్తు పెట్టి, నాలుగైదు ఇటుకలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టండి. తెలిసినవాళ్ళ పెద్ద కారు తెప్పించి లోపలికి పెట్టి చూడండి. ఇటుకలు పడితే స్తంభం జరపండి. ఆ రోజు జరిపితే ముగ్గు ఖర్చే.

రెక్కల గేటైతే 12 అడుగులకు రెండు ఆరడుగుల రెక్కలు. బయటికి తెరిస్తే రోడ్డు మీదికి పోతాయి, అది కూడదు. లోపలికి తెరిస్తే ఆ ఆరడుగుల్లో కారు ఉండకూడదు. ఇంకో సంగతి చాలామందికి గేటు పెట్టాకే తెలుస్తుంది. నీళ్ళు బయటికి పోవాలని నేలను లోపలి వైపు ఎత్తుగా పోస్తాం కదా, రెక్క లోపలికి తిరిగేకొద్దీ దాని అడుగు నేలకు తగులుతుంది. అడుగుకు పావు ఇంచు వాటం ఉంటే ఆరడుగుల రెక్క కొనకు ఇంచున్నర. అందుకే రెక్క కింద రెండు ఇంచుల సందు వదలమనండి. పక్కగోడ పొడవునా 12 అడుగుల జాగా ఉంటే స్లైడింగ్ గేటు పెట్టుకోండి. అది లేకపోతే మూడేసి అడుగుల నాలుగు మడతల గేటు.

వాస్తు చూసేవాళ్ళు సాధారణంగా ఆగ్నేయం గానీ వాయవ్యం గానీ చెబుతారు, ఈశాన్యంలో బరువు వద్దంటారు. మీ తూర్పు ముఖం ప్లాటుకు ఆగ్నేయం రోడ్డు పక్కనే వస్తుంది కాబట్టి ఇక్కడ వాస్తుకూ వాడకానికీ పేచీ లేదు.

ప్రశ్న: హుజూరాబాద్‌లో ఇల్లు కడుతున్నాం. వాన నీళ్ళ భయంతో బేస్‌మెంట్ రోడ్డుకు రెండున్నర అడుగుల ఎత్తు లేపాం. ప్లింత్ బీముకు (పునాది మీద, గోడల కింద వచ్చే కాంక్రీటు దూలం) సెంట్రింగ్ కొడుతున్నారు. గేటుకూ పోర్టికోకూ మధ్య ఆరడుగులే ఉంది. ర్యాంపు ఎట్లా వేయాలి? కారు కింద తగులుతుందని తమ్ముడు అంటున్నాడు.

తమ్ముడి మాట నిజం. 30 ఇంచుల ఎత్తును ఆరడుగుల్లో ఎక్కించాలంటే సుమారు రెండడుగుల అయిదు ఇంచులకు ఒక అడుగు ఎక్కాలి. అది ర్యాంపు కాదు, గోడ.

కారుకు ఎనిమిదింట ఒకటి, అంటే ఎనిమిది అడుగులు పోతే ఒక అడుగు ఎత్తు, అంతకు మించి ఇవ్వకూడదు. పదింట ఒకటైతే హాయి. ఎందుకో చూడండి. ర్యాంపు పూర్తయి చదును మొదలయ్యే చోట ఒక గట్టు లాంటి కోణం వస్తుంది. ముందు చక్రాలు పైకి ఎక్కి, వెనక చక్రాలు ఇంకా ర్యాంపు మీద ఉన్నప్పుడు ఆ గట్టు సరిగ్గా కారు కడుపు కిందికి వస్తుంది. స్విఫ్టుకు ముందు వెనక చక్రాల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లు. ఆ లెక్కన నాలుగింట ఒకటి వాటం ఉంటే గట్టు ఆరు ఇంచులు పొడుచుకొస్తుంది, ఆరింట ఒకటికి నాలుగు ఇంచులు, ఎనిమిదింట ఒకటికి మూడు. ఖాళీ కారుకు నేల నుంచి కడుపు దాకా ఉన్నది 163 మిల్లీమీటర్లు, ఆరున్నర ఇంచులకు లోపే. అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడితే అందులో ఒకటిన్నర ఇంచు దాకా దిగిపోతుంది. నాలుగింట ఒకటి ర్యాంపు మీద ఒక్కడే వస్తే పైకి ఎక్కే కారు, కుటుంబంతో వస్తే గీసుకునేది ఇందుకే.

మీరు సమయానికి రాశారు. ప్లింత్ బీము పడ్డాక అడిగితే చేయగలిగింది తక్కువ. ఇల్లు రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉండనివ్వండి, పోర్టికోను మాత్రం కిందికి దించండి. రోడ్డు నడిమి మట్టానికి 8 ఇంచుల ఎత్తు చాలు. గేటు నుంచి ఆరడుగుల్లో 8 ఇంచులంటే తొమ్మిదింట ఒకటి, కారు మెత్తగా ఎక్కుతుంది. పోర్టికో పిల్లర్ల మధ్య వచ్చే బీమును ఆ నేలకు కింద పడేటట్టు దించి వేయమని ఇంజినీరుకు రేపే చెప్పండి. సలాకలు ఎట్లా మలచాలో ఆయనే గీసివ్వాలి, మేస్త్రీ అంచనాకు వదలకండి. మిగిలిన 22 ఇంచులు ఇంట్లోకి అయిదున్నర ఇంచుల చొప్పున నాలుగు ఎత్తులు. ఈ మెట్లు కూడా కారుకు ఎదురుగా కాకుండా పక్కకు రావాలి.

మీ ముందున్నది ఇంకా మట్టి రోడ్డే అయితే 8 చాలదు. రేపు సీసీ రోడ్డు పడితే ఆరేడు ఇంచులు లేస్తుంది. అప్పుడు 12 ఇంచులు పెట్టి, గేటును లోపలికి జరిపి ర్యాంపును ఎనిమిది అడుగులు చేసుకోండి.

ర్యాంపు మొదట్లో, చివర్లో రెండేసి అడుగులు సగం వాటమే ఇస్తే కోణం మొద్దుబారుతుంది. మధ్యలో ఆ మేరకు కొంచెం నిటారవుతుంది కాబట్టి జాగా ఉన్నవాళ్ళకే ఇది. పైన టైల్స్ వద్దు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే నాలుగైదు ఇంచులకు ఒకటి చొప్పున, చేప ముల్లు లాగా నడిమి నుంచి రెండు పక్కలకూ వాలేటట్టు గాట్లు పెట్టించండి. చక్రానికి పట్టు దొరుకుతుంది, నీళ్ళు పక్కలకు పోతాయి.

ర్యాంపు మొత్తం మీ ప్రహరీ లోపలే అయిపోవాలి. రోడ్డు మీదికి పోసిన ర్యాంపు మీది కాదు, మోరీ కూడా మీది కాదు. మోరీని కాంక్రీటుతో పూడ్చేస్తే పూడిక తీసేటప్పుడు పగలగొడతారు, తీయకపోతే ఆ నీళ్ళు మీ గేటులోకే వస్తాయి. రెండడుగుల మోరీ మీద ఎత్తి పెట్టగల స్లాబులు వేయండి: ఒక్కోటి అడుగున్నర వెడల్పు, 5 ఇంచుల మందం, ఎత్తడానికి రెండు చివర్ల సలాక కొక్కేలు. 10 ఎం.ఎం. సలాకలు 6 ఇంచులకు ఒకటి, మోరీకి అడ్డంగా, స్లాబు అడుగున, కింద ఇంచు కవర్ బ్లాకులు పెట్టి. సలాకలు నేల మీద పరిచి మీద కాంక్రీటు పోస్తే అడుగున బయటపడి తుప్పు పడతాయి. నడిమికి లేపితే ఉన్నా లేనట్టే, ఎందుకంటే చక్రం మీద పడ్డప్పుడు స్లాబు సాగేది అడుగునే.

ప్రశ్న: పరకాల దగ్గర మాది. నల్లరేగడి నేల. రెండేళ్ళ కింద పోర్టికోలో పార్కింగ్ టైల్స్ వేయించాం. మొదటి వానాకాలానికే గోడ పక్కన కుంగింది, నడుమ ఉబ్బింది, చక్రం పోయేచోట టైల్స్ పగిలాయి. టైల్స్ మంచివి కావంటాడు మేస్త్రీ. నిజమేనా?

టైల్స్‌ను అనకండి. మీరు చెప్పిన మూడు గుర్తులూ నేలవే.

గోడ పక్కన కుంగింది పునాది గుంతను తిరిగి పూడ్చిన మట్టి. దాన్ని తట్టలతో పోసి పైపైన తొక్కి వదిలేస్తారు, రెండు వానలకు అది తనంతట తాను అణుగుతుంది. నడుమ ఉబ్బింది రేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలం చేలల్లో చెయ్యి పట్టేంత నెర్రెలు చూస్తారు కదా, ఆ నేలే మీ టైల్స్ కింద ఉంది. పైన నేల కప్పేశాక నడిమి చెమ్మ ఆరదు, అంచులు ఆరతాయి. అందుకే నడుమ లేచి అంచులు దిగుతాయి. పగిలిన టైల్‌ను తీసి అడుగు చూడండి. నాలుగు మూలల కింద మాలు అంటకుండా బోలుగా ఉంటుంది. సలాకతో తట్టితే డొల్ల చప్పుడు వచ్చేవన్నీ అట్లాంటివే, ఇవాళ కాకపోతే రేపు పగులుతాయి. నిలబడ్డ కారు స్టీరింగ్ తిప్పితే చక్రం టైల్‌ను పిండుతుంది, బోలు మూల ముందు పోతుంది.

మళ్ళీ వేసేటప్పుడు టైల్స్ మాత్రమే మారిస్తే డబ్బు దండగ. మూలన మూడడుగుల గుంత తీసి రేగడి ఎంత లోతుందో చూడండి. లోతుగా ఉంటే మొత్తం తీయలేరు, పైన ఒకటిన్నర అడుగు తీసేయండి. ఆ జాగాలో మొరం నింపండి. మొరం మంచిదో కాదో పిడికిట్లో తెలుస్తుంది. తడిపి పిడికిలి బిగిస్తే ముద్ద నిలవాలి, కానీ వేళ్ళకు పిండిలా అంటుకోకూడదు. అంటుకుంటే అందులో బంక మట్టి ఎక్కువ. 12×18 పోర్టికోకు ఒకటిన్నర అడుగు అంటే అణిగాక 324 ఘనపుటడుగులు, వదులుగా 415 దాకా కావాలి. ట్రాక్టర్ ట్రిప్పుకు 100 ఘనపుటడుగుల లెక్కన నాలుగుకు కొంచెం పైన.

ఒకేసారి పోయకండి. ఆరేసి ఇంచుల వరుస, ముందు రోజు నీళ్ళు, మర్నాడు మిషన్‌తో దిమ్మిస. మిషన్ దొరకకపోతే చేతి దిమ్మిసతోనైనా మూడు వరుసలూ విడివిడిగా కొట్టాలి. గోడ పక్కన మిషన్ ఆనదు కాబట్టి అక్కడ చేత్తో తప్పదు, కుంగింది అక్కడే కదా. గడ్డపారను నడుము ఎత్తు నుంచి వదిలితే ఇంచు కంటే ఎక్కువ దిగకూడదు.

మొరం మీద 40 ఎం.ఎం. కంకరతో 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాలు) మాలు నాలుగు ఇంచులు, దానికి 7 బస్తాల సిమెంటు. దాని మీద అయిదు ఇంచుల కాంక్రీటు, 1:1½:3 పాలు, 20 ఎం.ఎం. కంకర. ఈ జాగాకు 90 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది: సిమెంటు 21 బస్తాలు, ఇసుక 38 ఘనపుటడుగులు, కంకర 76. బస్తాకు నీళ్ళు 25 లీటర్లు దాటనివ్వకండి, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. పని తేలికని పైపు పెట్టి పోసిన నీళ్ళే ఆ తర్వాత పైపొర దుమ్ముగా లేవడానికి కారణం. రేగడి మీద కాబట్టి 8 ఎం.ఎం. సలాకలు రెండు దిక్కులా 8 ఇంచులకు ఒకటి, స్లాబు పై మూడో వంతులో ఉండేటట్టు సలాక వంచి చేసిన కుర్చీల మీద పెట్టండి.

ఈ నేలను ప్లింత్ బీముకు గానీ పిల్లరుకు గానీ అతికించకండి. చుట్టూ అర ఇంచు థర్మకోల్ పట్టీ పెట్టి విడిగా ఉంచండి. రేగడి లేచినా దిగినా నేల ఒక్కటే కదులుతుంది, గోడను పట్టుకొని విరగదు. పది అడుగులకు లోపు ఒక అడ్డ గాటు, మర్నాడే కట్టర్‌తో ఇంచుంబావు లోతు కోయించండి. పగులు ఎట్లాగూ వస్తుంది, మనం చెప్పిన గీతలో రానిద్దాం. మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో పోయాల్సి వస్తే సాయంత్రం మొదలుపెట్టి, తడి గోనెలు కప్పి, మట్టి కట్టలు కట్టి 14 రోజులు నీళ్ళు నిలబెట్టాలి. కారును 28 రోజులకు ఎక్కించండి.

ఇంత ఖర్చు వద్దనుకుంటే సిమెంటు పేవర్ బ్లాకులు మేలు. కారుకు 60 ఎం.ఎం. మందం, ఎం-35 గట్టిదనం ఉన్నవి. నీళ్ళ ట్యాంకర్ లోపలికి వచ్చేదుంటే 80 ఎం.ఎం., ఎం-40. కింద మొరం, దిమ్మిస పని పైన చెప్పినట్టే, మీద ఇంచున్నర దొడ్డు ఇసుక పరుపు. చుట్టూ కాంక్రీటు కట్ట లేకపోతే బ్లాకులు పక్కలకు జరిగి సందులు తెరుచుకుంటాయి. రేగడి కదిలి ఎక్కడైనా కుంగితే ఆ నాలుగు బ్లాకులు తీసి, ఇసుక సర్ది మళ్ళీ పెట్టొచ్చు. నల్లనేల మీద మా ఓటు దీనికే.

కరీంనగర్ గ్రానైట్ వేద్దామని కొందరు అడిగారు. వేసుకోండి, కానీ పాలిష్ రాయి వద్దు, వాన పడితే కారు కంటే ముందు మనిషి జారతాడు. మంటతో గరుకు చేసిన రాయి అడగండి.

కిందికి పోయే నీళ్ళను ఆపడం కూడా ఇందులో భాగమే. డాబా మీది వాన గొట్టం పోర్టికో అంచున దిగుతుంటే దాన్ని మోరీ దాకా తీసుకుపోండి. గోడ వెంట పూలపాదులుంటే తీసేయండి. రోజూ ఒక చోటే తడిసే రేగడి ఆ ఒక్క మూలనే లేపుతుంది.

ప్రశ్న: వరంగల్‌లో పాత ఇల్లు. మా రోడ్డు రెండుసార్లు లేచి ఇప్పుడు గేటు కంటే 5 ఇంచులు ఎత్తయింది. గట్టి వాన పడితే కారు చక్రాలు సగం మునుగుతున్నాయి. గేటు దగ్గర జాలీ మోరీ కట్టిస్తే చాలా?

చాలదు. మీ జాగా నీళ్ళు ఎన్నో చూడండి: 400 చదరపు అడుగుల వాకిట్లో గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే 1,850 లీటర్లు. సెకనుకు అర లీటరు. నాలుగు ఇంచుల పైపు, నూరింట ఒకటి వాటంతో, దానికి పది రెట్లు మోస్తుంది. మిమ్మల్ని ముంచుతున్నది రోడ్డు నీళ్ళు, దాన్ని జాలీ మోరీ మింగలేదు. పైగా మీ నేల రోడ్డు కంటే కింద ఉంటే ఆ మోరీ నీళ్ళు ఎటు పోతాయి?

నేలను లేపడమే అసలు మందు. ఇంట్లోకి నాలుగు మెట్లు ఉంటే కింది మెట్టును పూడ్చి నేలను ఏడు ఇంచులు పైకి తెండి. అప్పుడు రోడ్డుకు రెండు ఇంచుల పైన ఉంటారు. గేటు అడుగును అంత మేర కోయించాలి. గేటు గీత దగ్గర ఇంకో రెండు ఇంచుల మెత్తటి మిట్ట, నాలుగడుగుల వెడల్పులో, రోడ్డు నీళ్ళకు అడ్డంగా పోయండి. జాలీ మోరీ ఆ మిట్టకు లోపలి పక్కన: 8 ఇంచుల వెడల్పు, 6 నుంచి 8 లోతు, 40×6 ఎం.ఎం. పట్టీల జాలీ, ముప్పావు ఇంచు సందుతో. రెండున్నర అడుగుల ముక్కలుగా చేయిస్తే ఒక్కరే ఎత్తి కడగొచ్చు. యాంగిల్ ఫ్రేములో రబ్బరు పట్టీ వేయకపోతే కారు పోయినప్పుడల్లా ఇల్లంతా మోగుతుంది. బయటి మోరీలోకి పోయే పైపు కొసకు తిరుగు నీళ్ళు రాకుండా మూత వాల్వు పెట్టండి.

ఇంకుడు గుంత తవ్వగలిగితే తవ్వండి. 4×4×6 అడుగుల గుంతను రాళ్ళు, కంకరతో నింపితే సందుల్లో సుమారు 1,080 లీటర్లు పడతాయి. ఎర్ర చలక నేలలో అది గంటల్లో ఇంకుతుంది, రేగడిలో రోజుల తరబడి నిలిచే ఉంటుంది కాబట్టి అక్కడ వద్దు. పునాదికి పది అడుగుల దూరం ఉండాలి.

2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీలు మునిగినట్టు మునిగితే ఈ ఏర్పాట్లేవీ ఆపవు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అట్లాంటి హెచ్చరిక వచ్చిన రోజు కారును మిట్ట మీదికి తీసుకెళ్ళి పెట్టండి. మునిగిన కారును మాత్రం స్టార్ట్ చేయకండి, ఇంజిన్‌లోకి నీళ్ళు లాక్కుంటే లోపలి కడ్డీలు వంగుతాయి. పల్లపు కాలనీల్లో సెల్లార్‌లో కారు జాగా పెట్టడాన్ని మేము ఏ ప్లానుకూ ఒప్పుకోం.

ప్రశ్న: జగిత్యాలలో ఇల్లు. కారు నిలిపే జాగా కిందే నీళ్ళ సంపు, దాని పక్కన సెప్టిక్ ట్యాంకు వస్తున్నాయి. కారు బరువు ఆగుతుందా?

మనుషులు నడిచే లెక్కతో పోసే నాలుగు ఇంచుల స్లాబు ఆగదు. మనుషులతో నిండిన ఇన్నోవా ఒక్కో చక్రం మీద 600 కిలోలు మోపుతుంది, అదీ అరచేతులు రెండు పెట్టినంత జాగాలో. సంపు వెడల్పు ఆరడుగుల లోపైతే ఆరు ఇంచుల స్లాబు, 12 ఎం.ఎం. సలాకలు 5 ఇంచులకు ఒకటి, పొట్టి దిక్కున, అడుగున. అడ్డ సలాకలు 8 ఎం.ఎం. ఆరడుగులు దాటితే మధ్యలో బీము కావాలి, దాన్ని ఇంజినీరే లెక్క కట్టాలి.

మూత ఇంకా ముఖ్యం. సిమెంటు మూతల మీద తరగతి అచ్చు ఉంటుంది. ఎల్‌డి-2.5 మనుషులకే, కారు ఎక్కేచోట ఎండి-10 అడగండి. అంతకంటే మంచిది మూతను చక్రం దారిలోంచి తప్పించడం. రెండు చక్రాల నడిమి దూరం సుమారు అయిదు అడుగులు, ఆ రెండు గీతలు నేల మీద గీసి మూతలను గోడ పక్కకు జరపండి. అప్పుడు సంపు మూత చుట్టూ మూడు ఇంచుల కట్ట కట్టుకోవచ్చు. కారు కడిగిన నీళ్ళు, కారిన ఆయిల్ తాగే నీళ్ళలోకి దిగకుండా ఆపేది ఆ కట్టే. సంపుకూ సెప్టిక్ ట్యాంకుకూ ఉమ్మడి గోడ ఎంత మాత్రం వద్దు. మీ జాగాలో విడదీయలేకపోతే సెప్టిక్ ట్యాంకును ఇంటి వెనక్కి పంపండి.

ప్రశ్న: మంచిర్యాలలో పాత పెంకుటింటి ముందు కారుకు రేకుల షెడ్డు, 10×18. పోయిన ఎండాకాలం ఈదురు గాలికి పక్కింటి షెడ్డు లేచిపోయింది. కోతుల బాధ కూడా ఉంది. ఏ రేకు వేయాలి?

షెడ్డు కూలేది బరువుకు కాదు, తేలికదనానికి. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు 47 కిలోల ఒత్తిడి పెడుతుంది. మీ షెడ్డు 17 చదరపు మీటర్లు, అంటే సుమారు 800 కిలోల ఎత్తుడు. అర మిల్లీమీటరు రేకులన్నీ కలిపినా 80 కిలోలు. కాబట్టి బలం పునాదిలో ఉండాలి. అడుగున్నర చదరం, రెండున్నర అడుగుల లోతు గుంతలో పోసిన కాంక్రీటు దిమ్మె 380 కిలోలు తూగుతుంది. ఆరు పైపులకు ఆరు దిమ్మెలు వేస్తే నిశ్చింత. ఉన్న నేలకు బోల్టులు కొట్టి పైపులు నిలబెట్టడమే లేచిపోయే షెడ్లలో తరచుగా కనిపించే తప్పు. దిమ్మెలో ముందే నాలుగు 12 ఎం.ఎం. కొక్కెం బోల్టులు దించి, 8 ఇంచుల చదరపు పలక మీద మూడు ఇంచుల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు నిలపండి.

కోతులున్న చోట సిమెంటు రేకు, పలుచని పాలికార్బనేట్ (ప్లాస్టిక్) రేకు రెండూ వద్దు. కోతులు దూకితే పగులుతాయి. రంగు పూసిన ఇనుప రేకు, అర మిల్లీమీటరుకు తగ్గకుండా, కింది పట్టీలు మూడడుగులకు ఒకటి. స్క్రూలు రేకు మిట్ట మీద, రబ్బరు వాషరుతో. వాలు మీ వాకిలి వైపుకే ఉంచి గొట్టం పెట్టండి, పక్కింటి గోడ మీదికి నీళ్ళు పోతే గాలి కంటే ముందు తగాదా వస్తుంది.

ప్రశ్న: కాజీపేట నుంచి. వచ్చే ఏడు కరెంటు కారు కొనాలని ఉంది. నేల వేయకముందే ఏం చేసి పెట్టాలి?

మీటరు బోర్డు నుంచి కారు ఛార్జింగ్ మూత వచ్చే వైపు గోడ దాకా ఇంచుంబావు పైపు ఒకటి, లోపల లాగుడు తీగతో వేసి పెట్టండి. నేల పోశాక ఇదే పనికి ఆ నేలనే పగలగొట్టాలి. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జర్ 31 ఆంపియర్లు లాగుతుంది. గంటల తరబడి ఆగకుండా లాగుతుంది, అది గీజరు లాంటి వాడకం కాదు. దానికి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 40 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ మించితే కరెంటు ఆపే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు), మంచి ఎర్తింగ్ కావాలి. ఏసీ పాయింట్ నుంచి పొడిగింపు బోర్డుతో ఛార్జ్ చేయడం వల్ల ప్లగ్గు కాలుతుంది, ముందు వాసన వస్తుంది, తర్వాత మంట. కనెక్షన్ లోడ్ పెంచుకోవడానికి మీ సెక్షన్ ఆఫీసులో కారు రాకముందే దరఖాస్తు పెట్టండి. ఛార్జర్‌ను నేలకు నాలుగడుగుల ఎత్తులో, వాన జల్లు తగలని గోడకు బిగించండి. కారు వచ్చాక మొదటి వారం రెండు మూడుసార్లు, గంట ఛార్జింగ్ అయ్యాక తీగను, ఎంసీబీ పెట్టె మూతను చేతి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి తీసేయాలనిపించేంత వేడిగా ఉంటే ఎక్కడో స్క్రూ వదులుగా ఉంది, ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.